క్యాసెట్ తిప్పే అర నిమిషం

కిందటి నెలలో మా మేడమ్ చనిపోయారు. నాకు రెండు రోజులు ఆలస్యంగా తెలిసింది, వెళ్ళలేకపోయాను. పదిహేను రోజుల తర్వాత వాళ్ళమ్మాయి ఒక అట్టపెట్టె పంపించింది. పైన నల్ల మార్కర్‌తో నా పేరు, దాని కింద ‘లంచ్‌లు’ అని ఒకే ఒక్క మాట. ఆవిడ చేతిరాతే. ఎప్పుడో రాసి పెట్టుంచారన్నమాట.

టేపు చింపి మూత తెరవగానే ఒక వాసన వచ్చింది. బ్యాడ్జీలు పెట్టే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు ఏళ్ళ తరబడి మూసిపెడితే ఒకదానికొకటి అతుక్కుపోయి అదో రకం వాసన వేస్తాయి. దాంట్లో కొంచెం కాలిన దుమ్ము వాసన కూడా కలిసింది. అడుగున గుడ్డలో చుట్టి పాత ప్రొజెక్టర్ బల్బు ఒకటి ఉంది, బహుశా దానిదే. నేను పెట్టె ముందు అలాగే కింద కూర్చుండిపోయాను. మా ఆవిడ వచ్చి ‘ఏంటది’ అని అడిగితే ‘ఆఫీసు’ అన్నాను, ఇంకేం చెప్పాలో తోచక.

ఆ ఆఫీసు గురించి చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. మా ప్రాంతంలోని చిన్నా పెద్దా టెక్నాలజీ కంపెనీలు కలిసి పెట్టుకున్న సంఘం అది. ఉద్యోగులం ముగ్గురమే. మేడమ్, లెక్కలు చూసే ఒకాయన, నేను. ఏడాదికి ఒక పెద్ద సదస్సు, అడపాదడపా ప్రభుత్వానికి వినతిపత్రాలు, నెలకో లంచ్. సదస్సులూ వినతిపత్రాలూ ఎవరికీ గుర్తుండవు. లంచ్ మాత్రం అందరికీ గుర్తుంది. నిన్న ఫోన్‌లో పాత సభ్యుడొకాయన కూడా సంఘం పేరు గుర్తురాక ‘ఆ లంచ్‌ల ఆఫీసు’ అన్నారు.

* * *

పదకొండున్నరకి రిజిస్ట్రేషన్ బల్ల తెరిచేవాళ్ళం. పన్నెండుకి భోజనం, పన్నెండూ ముప్పావుకి వక్తను పరిచయం చేయడం, ఇరవై అయిదు నిమిషాల ప్రసంగం, పది నిమిషాలు ప్రశ్నలు, ఒకటిన్నరకి అందరూ లేచి వెళ్ళిపోవాలి. ఈ ఒకటిన్నర దగ్గర మాత్రం ఆవిడ మొహమాటపడేవారు కాదు. ‘వాళ్ళు ఆఫీసులో రెండింటికి మీటింగ్ ఉందని చెప్పి వచ్చారు. మనం ఒక్కసారి ఆలస్యం చేస్తే వచ్చే నెల రారు’ అనేవారు. వెనక వరసలో నుంచొని పసుపు కార్డు ఎత్తితే అయిదు నిమిషాలు, ఎరుపు కార్డు ఎత్తితే ఒక్క నిమిషం. ఎరుపు తర్వాత కూడా ఆగకపోతే ఏం చేస్తారని నేను చేరిన కొత్తలో అడిగాను. ‘చప్పట్లు కొడతాను’ అన్నారు. నిజంగానే ఒకసారి కొట్టారు. జనం కూడా అందుకున్నారు. పాపం ఆ పెద్దమనిషి ప్రసంగం అంత బాగా నచ్చిందేమో అనుకుని దండం పెట్టి దిగిపోయాడు.

పసుపు కార్డు పెట్టెలో ఉంది. ఎరుపుది లేదు.

అసలు పని ఆ రోజుది కాదు, అంతకు ముందు రెండు వారాలది. ఆహ్వానం ఫాక్స్‌లో పంపేవాళ్ళం. కింద గీతల మధ్య పేరు నింపి తిరిగి ఫాక్స్ చేయమని రాసేవాళ్ళం. జవాబులు ఆ నున్నటి థర్మల్ కాగితం మీద చుట్టలు చుట్టుకుంటూ వచ్చేవి, రాత్రంతా వచ్చి పొద్దునకి నేల మీద కుప్ప పడేవి. కిటికీ పక్కన పెడితే వారం తిరిగేసరికి అక్షరాలు వెలిసిపోయేవి. ఒకసారి పదిహేను పేర్లు అలాగే మాయమైతే, ఎవరెవరో గుర్తు చేసుకుని మళ్ళీ ఫోన్లు చేసింది నేనే.

హోటల్ వాళ్ళకి మూడు రోజుల ముందు అంకె చెప్పాలి. మనం చెప్పిన అంకెకే బిల్లు, ఎంతమంది తిన్నారన్నది వాళ్ళకనవసరం. ఎక్కువ చెబితే సంఘం డబ్బు పోతుంది, తక్కువ చెబితే పరువు పోతుంది. వస్తామన్నవాళ్ళలో పదిమందికొకరు రారు, జవాబే ఇవ్వనివాళ్ళు కొందరు ఊడిపడతారు, వాన పడితే ఒక లెక్క, సెలవు ముందు రోజైతే ఇంకో లెక్క, వక్త పెద్ద పెద్ద ఆర్డర్లు ఇచ్చే కంపెనీ మనిషైతే సరుకు అమ్ముకునే ప్రతివాడూ వస్తాడు. ఇదంతా ఆవిడ బుర్రలోనే ఉండేది, కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. ఫోన్ తీసే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ‘తొంభై ఆరు’ అనేవారు. నేను ఇప్పుడు స్ప్రెడ్‌షీట్‌లో అంచనాలు వేసే పనే చేస్తున్నాను. ఆవిడకి తప్పినంత తక్కువగా నాకు తప్పడం లేదని ఒప్పుకోవాలి.

* * *

కొత్తవాళ్ళకి తెలియని సంగతేంటంటే, ఆ లంచ్‌లో వక్త ఒక సాకు. నేనూ రెండేళ్ళు గమనించలేదు. వక్త ఎవరో, స్లయిడ్లు ఎన్నో, మైకు పనిచేస్తుందో లేదో అని నేను టెన్షన్ పడుతుంటే ఆవిడ మాత్రం ముందురోజు సాయంత్రం బల్ల మీద బ్యాడ్జీలు పరుచుకుని పేకముక్కల్లా అటూ ఇటూ మారుస్తూ కూర్చునేవారు. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో అప్పుడు తేల్చేవారు. గుండ్రటి బల్లలు, పదిమంది పట్టేవే, కానీ వేదికవైపు మూడు కుర్చీలు తీసేయించి ఏడుగురినే వేయించేవారు, ఎవరి వీపూ వక్తవైపు ఉండకూడదని. ఒకే కంపెనీవాళ్ళిద్దరు ఒక బల్ల దగ్గర ఉండకూడదు. అప్పు కోసం తిరుగుతున్న కుర్రాడి పక్కన బ్యాంకు మనిషి. సర్క్యూట్ బోర్డులు చేయించుకోవాల్సినవాడి ఎదురుగా బోర్డులు చేసేవాడు. పక్కన వేస్తే మొహమాటపడతారట, ఎదురుగా వేస్తే తప్పక మాట్లాడతారట. అచ్చం పెళ్ళిళ్ళ పేరయ్య లెక్కలు. ‘మీరిలా కలుపుతున్నట్టు వాళ్ళకి తెలుసా మేడమ్’ అంటే, ‘తెలిస్తే ఇంకెందుకు?’ అన్నారు.

రిజిస్ట్రేషన్ బల్ల మీద మిగిలిపోయిన బ్యాడ్జీలను నేను చెత్తబుట్టలో వేయబోతే మొదటిసారి చెయ్యి పట్టుకుని ఆపారు. అవే ఆవిడకి కావలసినవి. మర్నాడు పొద్దున్నే ఒక్కొక్కరికీ ఫోన్. ‘నిన్న మీ కుర్చీ ఖాళీగా ఉంది. అంతా బాగానే ఉందా?’ అంతే, డబ్బు మాట లేదు. అవతలివాడు ఆ ఒక్క ప్రశ్నకే పది నిమిషాలు మాట్లాడేవాడు. ఏ కంపెనీ ఆఫీసు ఖాళీ చేస్తోందో, ఎవరు ఎవరిని కొంటున్నారో, పేపర్లో రాకముందే మా గుమస్తా ఆఫీసులో తెలిసేది అందుకే.

ప్రశ్నల సంగతి కూడా చెప్పాలి. ప్రసంగం అయ్యాక ‘ప్రశ్నలేమైనా?’ అంటే హాలు మొత్తం బిగుసుకుపోతుంది కదా, ఎవరూ మొదట నోరు విప్పరు. అందుకని భోజనాల సమయంలోనే ఒక చీటీ ఎవరో ఒకరి ప్లేటు కింద పెట్టి వచ్చేవారు. దాని మీద ఒక ప్రశ్న, కింద ‘మూడు క్షణాలు ఎవరూ లేవకపోతే మీరు’ అని. ఆ చీటీలు కూడా ఒక రబ్బరుబ్యాండు కట్ట పెట్టెలో దొరికాయి. వెనక్కి ఇచ్చేసినవేమో, అంటే వాడనివి. ఒకదాని మీద ‘మీరు చేసిన పెద్ద తప్పేంటి?’ అని ఉంది. ఎవరికి ఇచ్చారో, ఎందుకు అడగలేదో.

* * *

నా మొదటి పెద్ద ఘోరం స్లయిడ్ల దగ్గర జరిగింది. ఇప్పుడు స్లయిడ్ అంటే కంప్యూటర్‌లో పేజీ. అప్పట్లో అది నిజంగా ఒక వస్తువు, అట్టచట్రంలో బిగించిన చిన్న ఫిల్ము ముక్క. కొడాక్ కారొసెల్ అనే ప్రొజెక్టర్ మీద గుండ్రటి ట్రే ఉండేది, ఎనభై పడతాయి. ఒక్కోటి ‘ఛక్’ మని లోపలికి దిగి, ఒక రెప్పపాటు చీకటి, మళ్ళీ ‘ఛక్’. ఆ చప్పుడుకి భోంచేసిన జనం ఊయల్లో పడుకున్నంత హాయిగా నిద్రపోయేవారు. స్లయిడ్‌ను తలకిందులుగా పెడితేనే తెర మీద తిన్నగా కనబడుతుంది. ట్రే పైన రింగు బిగించి తాళం వేయాలి. నేను ఆ రింగు బిగించలేదు.

హోటల్ వంటగది పక్క సందులోంచి ట్రే పట్టుకుని పరిగెడుతూ తూలాను. అరవయ్యో డెబ్బయ్యో స్లయిడ్లు తడి నేల మీద. ఏ చట్రం మీదా నంబర్ లేదు. ఆవిడ వచ్చి చూశారు, ఒక్క మాట అనలేదు, నాతోపాటు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఇద్దరం దీపం వెలుతురుకి ఎత్తి చూస్తూ, ఇది గ్రాఫు, ఇది ఫ్యాక్టరీ బొమ్మ, ఇదేదో ‘ధన్యవాదాలు’, ఇది చివర అని తోచినట్టు పేర్చాం. ప్రసంగం మొదలైంది. మూడో స్లయిడ్‌కే వక్త ముఖంలో రంగు మారింది. ఫ్యాక్టరీ పునాది తవ్వకముందే ప్రారంభోత్సవం రిబ్బన్ కట్ అయిపోయింది. అయినా ఆయన ఘటికుడు, ‘ముందు ఫలితం చూపిస్తాను, తర్వాత ఎలా వచ్చిందో చెబుతాను’ అని లాక్కొచ్చాడు. చివర్లో ఒకాయన నా దగ్గరికొచ్చి ‘చాలా కొత్త పద్ధతిలో చెప్పాడోయ్’ అన్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ నాకో చిట్కా చెప్పారు. స్లయిడ్లన్నీ వరసలో కట్టగా పట్టుకుని, పై అంచుల మీద మార్కర్‌తో మూలనుంచి మూలకి ఒక ఏటవాలు గీత గీయాలి. మళ్ళీ చెల్లాచెదురైనా, గీత కలిసేటట్టు పేరిస్తే చాలు, వరస దానంతటదే వస్తుంది. ‘ముందే చెప్పొచ్చుగా మేడమ్’ అన్నాను. ‘పడితేగాని గుర్తుండదు’ అన్నారు. కొడాక్ వాళ్ళు 2004లో ఆ ప్రొజెక్టర్ల తయారీ ఆపేశారు. అప్పటికి మేం అది వాడటం మానేసి చాలా ఏళ్ళయింది, అయినా వార్త చదివి ఆవిడకి ఫోన్ చేశాను.

ఆ తర్వాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్లు కొన్నాళ్ళు, ఫ్యాన్ హోరుకి ముందు వరసలోవాళ్ళకే వినబడని వక్తలు. పారదర్శకపు షీటు మీద కాగితం కప్పి ఒక్కో లైనూ కిందికి జరుపుతూ ఏదో రహస్యం బయటపెడుతున్నట్టు చెప్పేవారు. ఆ తర్వాత ల్యాప్‌టాప్. ప్రతి నెలా అదే నాటకం. ల్యాప్‌టాప్‌ని ప్రొజెక్టర్‌కి కలిపే వీజీఏ కేబుల్ పెట్టడం, తెర నీలంగా ఉండిపోవడం, వక్త ఎఫ్ఎన్ మీటతో పాటు పైన ఉన్న మీటలన్నీ వరసగా నొక్కడం, ముందు బల్లవాళ్ళంతా లేచొచ్చి తలో సలహా ఇవ్వడం. పెట్టేటప్పుడు జాగ్రత్తగా లేకపోతే ఆ పదిహేను పిన్నుల్లో ఒకటి వంగేది. అప్పుడు తెర మొత్తం పసుపో గులాబీయో అయిపోయేది. వంగిన పిన్ను సరిచేయడానికి మేడమ్ బ్యాగులో ఒక పిన్నీసు ఉండేది. టెక్నాలజీ సంఘం మొత్తానికి మిగిలిన టెక్నాలజీ అదే.

* * *

ప్రసంగాలు గుర్తున్నాయా అంటే, నిజం చెప్పాలంటే ముక్కలు ముక్కలుగా.

చిప్ మీద పట్టే ట్రాన్సిస్టర్లు ఎంత కాలానికి రెట్టింపవుతాయో చెప్పేది మూర్ సూత్రం, ఇంటెల్ స్థాపకుల్లో ఒకడైన గోర్డన్ మూర్ చెప్పింది. దాని గ్రాఫు మాత్రం కనీసం ముప్ఫైసార్లు చూసి ఉంటాను. ప్రతివాడూ పైకి పోయే ఆ గీతతోనే మొదలెట్టి ‘ప్రతి పద్దెనిమిది నెలలకీ రెట్టింపు అని మూర్ చెప్పాడు’ అనేవాడు. వెనక బల్ల దగ్గర ఒక ముసలి ఇంజనీరు ఉండేవారు, రిటైరయ్యి కూడా ప్రతి నెలా వచ్చేవారు. చెయ్యెత్తి, మైకు అక్కర్లేకుండా, ‘మూర్ ఆ మాట అనలేదు. 1965లో ఏడాదికి రెట్టింపు అన్నాడు, 1975లో రెండేళ్ళకని సవరించాడు, పద్దెనిమిది నెలలు ఇంటెల్‌లోనే డేవిడ్ హౌస్ అనే ఇంకో ఆయన లెక్క’ అనేవారు. ప్రతిసారీ అవే మాటలు. మేం ముందే వక్తకి చెప్పేవాళ్ళం, ‘పద్దెనిమిది అనకండి’ అని. అలవాటులో పడి అనేసేవారు. వెనక్కి తిరిగి చూసి నవ్వేవాళ్ళం. ఒక నెల ఎవరో పద్దెనిమిది అన్నారు, వెనకనించి ఏ గొంతూ రాలేదు. ఆ మధ్యాహ్నం మిగిలిన బ్యాడ్జీల్లో ఆయనది ఉంది. మర్నాడు ఆ ఫోన్ చేయడానికి మేడమ్ చాలాసేపు తటపటాయించారు.

వైటూకే రోజుల్లో అయితే హాలు చాలేది కాదు. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000ని 1900 అనుకుంటాయని అందరికీ తెలుసు. ఒకావిడ మాత్రం వచ్చి లీపు సంవత్సరం సంగతి చెప్పారు. నాలుగుతో భాగించబడితే లీపు, వందతో భాగించబడితే కాదు, మళ్ళీ నాలుగు వందలతో భాగించబడితే అవును. కాబట్టి 2000 లీపే. ‘మొదటి నియమం ఒక్కటే తెలిసిన ప్రోగ్రామరు రాసింది సరిగ్గా పనిచేస్తుంది, మూడూ తెలిసినవాడిదీ పనిచేస్తుంది, రెండు తెలిసినవాడితోనే మనకు ప్రమాదం’ అన్నారావిడ. హాలంతా నవ్వు. నాకు మాత్రం ఆ రెండు నియమాల మనుషులు నలుగురైదుగురు ఆ హాల్లోనే కనబడ్డారు.

ఇంకొకాయన బాబ్ మెట్‌కాఫ్ కథ చెప్పారు. ఆఫీసులో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే ఈథర్నెట్ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన ఆ మెట్‌కాఫ్ 1995లో ఒక పత్రికలో, వచ్చే ఏడాది ఇంటర్నెట్ కుప్పకూలుతుంది, కూలకపోతే నా మాటలు నేనే తింటాను అన్నాడు. కూలలేదు. 1997లో ఒక సదస్సు వేదిక మీద తను రాసిన వ్యాసం కాగితాన్ని మిక్సీలో నీళ్ళతో వేసి తిప్పి, అందరి ముందూ తిన్నాడు. ఇది వినగానే మేడమ్ నా చెవిలో, ‘మన వక్తలందరికీ ఇదే పెడితే ప్లేట్ల ఖర్చు మిగిలేది’ అన్నారు. అప్పటికి ‘కాగితం లేని ఆఫీసు’ వచ్చేస్తోందని చెప్పినవాళ్ళు మాకు నలుగురు, నాలుగుసార్లూ ప్రసంగం కాపీలు జిరాక్స్ తీయించి పంచింది నేను.

1999 చివర్లో జనం వేషమే మారిపోయింది. టైలు పోయాయి. కాగితం కార్డులు ఇచ్చుకోవడం నామోషీ అయింది. చేతిలో పామ్ అనే అరచేతి కంప్యూటర్లు పట్టుకుని, ఒకరివైపు ఒకరు గురిపెట్టి, ఇన్‌ఫ్రారెడ్‌లో కార్డు పంపుకునేవారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఊపిరి బిగబట్టి కదలకుండా నుంచునేవాళ్ళు, వెళ్ళిందా, రాలేదు, కొంచెం దగ్గరికి రండి అనుకుంటూ. కాగితం అయితే ఆ పాటికి జేబులో పడిపోయేది.

* * *

తర్వాతి రెండేళ్ళ గురించి నాకు రాయాలని లేదు గానీ, పెట్టెలో ఆ బ్యాడ్జీలే ఎక్కువ ఉన్నాయి.

2000 మార్చిలో ఒక రోజు, టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే అమెరికా నాస్‌డాక్ సూచీ 5048 దగ్గర ముగిసింది, 2002 అక్టోబర్‌కి 1114. ఈ అంకెలు మాకు బల్లల మీద కనిపించాయి. బ్యాడ్జి మీద పైన పేరు పెద్దక్షరాల్లో, కింద కంపెనీ చిన్నక్షరాల్లో ఉంటుంది. జవాబు ఫాక్సులో కంపెనీ గీత ఖాళీగా వదిలేసి పంపేవాళ్ళు మొదలయ్యారు. మొదటి నెల ఇద్దరు, తర్వాత తొమ్మిదిమంది. ఖాళీగా ప్రింట్ చేస్తే పేరు కింద తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, హాల్లో ప్రతివాడి చూపూ ముందు అక్కడికే పోతుంది. నేను ‘కన్సల్టెంట్ అని వేద్దామా’ అన్నాను, అప్పట్లో అందరూ అదే వేసుకునేవారు. ఆవిడ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, ఆ నెల నుంచి ఎవరి బ్యాడ్జీ మీదా కంపెనీ పేరు వేయొద్దన్నారు. పెద్ద కంపెనీలవాళ్ళు గొణిగారు, ఒకాయన కోపంగా ఫోన్ కూడా చేశాడు, డబ్బిచ్చి వచ్చేది పేరు కనబడటానికే కదా అని. ‘అడగండి సార్, చెబుతారు. ఎలాగూ మాట్లాడుకోవడానికే కదా వస్తున్నారు’ అన్నారావిడ.

సభ్యుల రేటు కంపెనీలో ఉన్నవాళ్ళకే. ఉద్యోగం పోయినవాళ్ళ దగ్గర కూడా అదే తీసుకోమని చెప్పారు, లెక్కలాయనకి తెలియకుండా. ఆయనకి తెలుసు. తెలిసీ ఆ వరస దగ్గరికి రాగానే కళ్ళజోడు తుడుచుకునేవాడు.

వాళ్ళని వెనక బల్లల దగ్గర వేయలేదు. అన్నిటికన్నా ముందు బల్లలో, వక్త పక్కన వేసేవారు.

* * *

నేను ఆ ఉద్యోగం మానేసిన తర్వాత కూడా లంచ్‌లు చాలా ఏళ్ళు నడిచాయి. మేడమ్ రిటైరయ్యారు. 2020లో అన్నిటిలాగే అవీ జూమ్‌లోకి వెళ్ళాయి. ఒకటి చూశాను. నల్లటి గళ్ళలో పేర్లు, ఎవరి ఇంట్లో వాళ్ళు తింటున్నారో లేదో తెలియదు, వక్త బాగా చెప్పాడు, నిజానికి మా కాలం వక్తలకన్నా చాలా బాగా చెప్పాడు. మైకులన్నీ మ్యూట్‌లో ఉన్నాయి. స్పూన్ల చప్పుడు లేదు. సగంలో కట్టేశాను.

స్పూన్ల చప్పుడు అంటే గుర్తొచ్చింది. పెట్టెలో క్యాసెట్లు ముప్ఫై దాకా ఉన్నాయి. ప్రతి ప్రసంగం రికార్డు చేసేవాణ్ణి, వెనక మా బల్ల మీద పెట్టిన చిన్న టేప్ రికార్డర్‌లో. అరవై నిమిషాల క్యాసెట్, పక్కకి ముప్ఫై. తొంభైది కొనమంటే ఆవిడ కొననివ్వలేదు, ఉన్నవి అయిపోనీ అన్నారు. పరిచయంతో కలిపి చూస్తే ముప్ఫయ్యో నిమిషం సరిగ్గా వక్త ముగింపుకొచ్చే వేళ. ‘టక్’ మని ఆగేది, నేను తడుముకుంటూ తీసి తిప్పి పెట్టి మళ్ళీ నొక్కేసరికి అర నిమిషం పోయేది. మా దగ్గరున్న ప్రతి ప్రసంగంలోనూ ఆ అర నిమిషం లేదు.

పక్కింటి కుర్రాడు పాత ప్లేయర్ ఒకటి తెచ్చిపెడితే నిన్న రాత్రి ఒకటి పెట్టి విన్నాను. ఎవరి గొంతో గుర్తుపట్టలేకపోయాను. వెనకంతా ప్లేట్లూ గ్లాసులూ, ఎవరో దగ్గడం, కుర్చీ లాగడం. గొంతు కొంచెం పెరిగింది. ‘నేనిక్కడికి వచ్చింది ఈ ఒక్క మాట చెప్పడానికే, దయచేసి గుర్తుపెట్టుకోండి’ అన్నాడాయన. టక్.

తిప్పి పెట్టాను. కాసేపు గరగర. చప్పట్లు అప్పటికే మోగుతున్నాయి, చాలాసేపు మోగాయి. వాటి మధ్య, మైకుకి బాగా దగ్గరగా, ఆవిడ గొంతు.

‘తిప్పావా?’

‘ఆఁ. ఏమన్నారు మేడమ్ ఆయన?’

‘నేనూ వినలేదు, నీ చేతులే చూస్తున్నా. క్యాసెట్‌లో ఉంటుందిలే.’